మొగ దగ్గర పుట్టిన పార్టీ

నడిమిపాళెం, కోవూరు తాలూకా
14 జూన్ 1959

తమ్ముడు మాలకొండయ్యకు అక్క కామమ్మ దీవించి రాస్తున్నది.

ఇక్కడ పడమటి గాలి మొదలైంది. ఇళ్లలోకి ఇసుక కొడుతున్నది. అంతకుమించి జబ్బులేమీ లేవు. నువ్వూ మరదలూ క్షేమమని తలుస్తాను.

మొగను వేలం వేశారు. మన ఏరు సముద్రంలో కలిసేచోటు మీద ఎవరైనా పాట పాడుకోవచ్చని ఇన్నాళ్లూ మనకు తెలియదు. నెల్లూరు కంట్రాక్టరు ఒకాయన పాడుకున్నాడు. ఇకమీదట మొగలో వల వేసినవాళ్లు పట్టిన రొయ్యలో సగం ఆయనకు ఇవ్వాలట.

పోయిన సోమవారం మొగలో వల వేసే వంతు నాది. మీ బావ సముద్రంలో పోయినప్పటినుంచీ ఆ వంతు నువ్వే వచ్చి వేస్తున్నావు. ఈసారి ప్రెస్సులో సెలవు దొరకలేదన్నావు గనుక పక్కింటి ముత్యాలయ్య చేత వేయించాను. కంట్రాక్టరు మనుషులు వచ్చి వలను నడిమికి కోశారు. ముత్యాలయ్య, "వల కోస్తే రొయ్య మీ దగ్గరికి నడిచొస్తాదా?" అని అడిగాడు. "సగమిస్తే కొయ్యం" అన్నారు.

ఆ సాయంత్రమే మన పాళెం పెద్దకాపు ఓబయ్య మామ అందరినీ రేవులో కూర్చోబెట్టి దురాయి వేశాడు. కంట్రాక్టరుకు సగమిచ్చి వల వేసేవాడింట్లో ఎవరూ నిప్పు అడగకూడదు, నీళ్లు తాగకూడదు, పెళ్లికీ చావుకీ పోకూడదు. ఎవరో అర్జీ పెడదామన్నారు. ఓబయ్య మామకు కోపం వచ్చింది. "అర్జీలు మా నాయన పెట్టినాడు, నేనూ పెట్టినా. ఆ కాయితాల్లో బొరుగులు పొట్లం కట్టుకోని తినుంటారు. ఈసారి పార్టీ పెడదాం. అసెంబ్లీలో మన మనిషి కూర్చుంటే వేలం వేసేవాడు ఒకసారి మన మొహం చూసి ఏస్తాడు" అన్నాడు.

పేరు తీరప్రజా పార్టీ. ఎలిశబెతు టీచరు పెట్టింది. మిషన్ స్కూల్లో నాకు అక్షరాలు చెప్పిన ఎలిశబెతే. ఏడు పాళేలవాళ్లూ ఒప్పుకున్నారు. మగవాళ్లు ముందు, ఆడవాళ్లం వెనక కూర్చున్నాం. మొగలో వంతు ఉన్న విధవలను మాత్రం ముందుకు పిలిచారు. నేను ముందే కూర్చున్నాను.

కరపత్రం రాసి దీనితో పంపుతున్నాను. అచ్చు వేయించి పంపు.

కామమ్మ


నెల్లూరు
25 జూన్ 1959

అక్కకు నమస్కారం.

వల సంగతి చదివి అన్నం సయించలేదు. ముత్యాలయ్యకు దెబ్బలేమైనా తగిలాయో లేదో నువ్వు రాయలేదు. వచ్చే వంతుకు ఉద్యోగం పోయినా సరే నేనే వస్తాను.

కరపత్రాల కట్ట బస్సులో పంపాను. అక్షరాలు నేనే పేర్చాను. ఒక్క మార్పు చేశాను. నువ్వు 'పార్టీ' అని రాసిన చోటల్లా 'సంఘం' అని పెట్టాను. పార్టీ అంటే అచ్చు వేయనని మా యజమాని అన్నాడు. ఆలోచిస్తే నాకూ ఆయన చెప్పిందే బాగుందనిపించింది. ఏడు పాళేల జాలర్లు పార్టీ పెట్టారంటే నెల్లూరులో నవ్వుతారు. సంఘమంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. పెద్ద అధికారులు కూడా పిలిచి కూర్చోబెట్టి మాట్లాడతారు. ఓబయ్య మామకు ఈ సంగతి నువ్వు నిదానంగా చెప్పు. ఆయన నా మాటకన్నా నీ మాట వింటాడు.

నీ మరదలు నీకు మిరపకాయల పొడి పంపింది. కట్ట మధ్యలో ఉంది, చూసి విప్పు.

మాలకొండయ్య


నడిమిపాళెం
20 ఆగస్టు 1959

మాలకొండయ్యకు,

పొడి అందింది. కరపత్రాలు తిరిగి పంపాను, ఈపాటికి అంది ఉంటాయి. నిదానంగా చెప్పమన్నావు, నిదానంగానే చెప్పాను. ఓబయ్య మామ అన్న మాట ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "నవ్వితే నవ్వనీరా. నవ్వేదానికన్నా మనం ఉండామని తెలియాల గదా. సంగం అనుంటే అది గూడా తెలీదు." మళ్లీ అచ్చు వేయించు. మీ యజమాని ఒప్పుకోకపోతే ప్రెస్సు మార్చు.

మొగలో ఈ రొయ్యల కాలమంతా మనవాళ్లెవరూ వల వేయలేదు. కంట్రాక్టరు ఎక్కడినుంచో పడవలు తెప్పించాడు. ఆ పడవలవాళ్లను మన బావుల దగ్గరికి రానివ్వలేదు. ఉప్పునీళ్ల మధ్య తాగే నీళ్లు లేకుండా ఎంతకాలం ఉంటారు? వెళ్లిపోయారు. మనమూ సుఖంగా లేము, అది కూడా తెలుసుకో. మన వీధి పిచ్చమ్మ ఇంట్లో పొయ్యి వెలగని రోజులున్నాయి. పొయ్యి వెలగలేదని ఆమె చెప్పుకోలేదు, పొగ రాకపోతే మేమే గమనించాం.

అయినా దురాయి దాటినవాళ్లు లేరు.

అక్క


నడిమిపాళెం
8 అక్టోబరు 1961

చిరంజీవి మాలకొండయ్యకు,

నిలబడి ఉంటే కూర్చుని చదువు. వచ్చే ఎన్నికల్లో మన పార్టీ తరఫున పోటీ చేసేది నువ్వు.

నిన్న ఏడు పాళేలవాళ్లూ మొగ దగ్గర చేరారు. అభ్యర్థిని ఎట్లా ఎంచుకుంటారని ఎలిశబెతు టీచరు అడిగింది. ఆమె మన కులంలో పుట్టలేదు గదా, ఆమెకు మన పద్ధతి తెలియదు. ఓబయ్య మామ చెప్పాడు. "మొగలో ముందెవురు వల ఎయ్యాల్నో ఎట్టా తేల్చుకుంటామో అట్నే టీచరమ్మా. ఇంటికొక ఆలిచిప్ప, దానిమింద ఎవురి గుర్తు వాళ్లు గీసి కుండలో ఏస్తాం. ముందొచ్చినోడు ముందు. వల ఏసినోడు వరసలో కడాకు పోతాడు. అందరిదీ అయినాకే మళ్లా వాడిది."

"చదువు రానివాళ్ల చిప్ప వస్తే?" అని ఆమె అడిగింది.

"మొగలో దిగేవాడిని చదువు అడగతామా? చేతగానోడు తనకు నమ్మకమైనోడ్ని పంపిస్తాడు. పంపించినా వంతు మాత్రం వాడిదే."

టీచరు ఢిల్లీలో కూడా ఇంతకన్నా మంచి పద్ధతి ఉన్నట్టు తాను చదవలేదన్నది. కుండలో ఏడు పాళేల చిప్పలూ పడ్డాయి. మొదట వచ్చింది మన నాయన గుర్తు, అంటే నీది. రెండోది మీ బావ గుర్తు, అంటే నాది. మూడోది ముత్యాలయ్యది. "మొదటి రెండూ ఒక్క కొంపకే పొయినాయే!" అని ముత్యాలయ్య ఏడుపు మొహం పెట్టాడు. అందరూ నవ్వారు.

నువ్వు చదువుకున్నవాడివి, నెల్లూరులో నలుగురూ తెలిసినవాడివి. నీ చిప్ప రావడం మంచిదేనని అందరూ అనుకుంటున్నారు. కానీ వాళ్లు నిన్ను ఏరి పెట్టుకోలేదు. వచ్చింది వంతు. అది గుర్తుపెట్టుకుని బయలుదేరు.

అక్క


నెల్లూరు
24 జనవరి 1962

అక్కకు,

నామినేషను అంగీకరించారు. గుర్తుల దగ్గర మాత్రం దెబ్బ తగిలింది. పడవ అడిగాను. అది ఇంకొకాయనకు పోయింది. మనకు సైకిలు వచ్చింది. ఎంత బతిమాలినా మార్చలేదు. మన ఇసుకలో సైకిలుకు ఓటు ఎట్లా అడగాలో నువ్వూ ఓబయ్య మామా ఆలోచించండి. నేను విడవలూరు వైపు వరి పల్లెల్లో తిరిగి ఫిబ్రవరి మొదట్లో మన పాళేనికి వస్తాను. ఆ వరి పల్లెల్లో జయరామయ్య అనే రైతు సాయం చేస్తున్నాడు. కాలువ చివరి పొలం వాడు. నీళ్లు అందకముందే వేసవి వస్తుందని వాళ్ల గొడవ.

రెండో వంతు కూడా మన ఇంటిదే గనుక పదేళ్ల వరకూ మాకు దిగుల్లేదని నీ మరదలు వేళాకోళం చేస్తున్నది.

మాలకొండయ్య


నడిమిపాళెం
28 జనవరి 1962

మాలకొండయ్యకు,

సైకిలు సంగతి విని ముందు అందరూ దిగాలుపడ్డారు. తరువాత ఓబయ్య మామ మిషన్ స్కూలు పంతులు సైకిలు అడిగి తెచ్చాడు. ఇసుకలో తొక్కలేం గనుక భుజాన ఎత్తుకున్నాడు. పాళెం పాళేనికీ అట్లాగే మోసుకుపోతున్నాడు. "ఏంది మామా, సైకిలు మిమ్మల్ని మొయ్యాలగానీ మీరు సైకిల్ని మోస్తుండారే?" అని ఆడపిల్లలు ఎగతాళి చేస్తే, "అందుకే గదమ్మే ఈ గుర్తు గుర్తుంటాది" అంటున్నాడు. ఆ బొమ్మను ఇప్పుడు ముసలమ్మలు కూడా గుర్తుపడుతున్నారు.

రెండో వంతు మన ఇంటిదేనని మరదలు సంబరపడినందుకు నాకూ సంతోషం. నా మీద అంత నమ్మకం ఉందని అనుకోలేదు.

అక్క


హైదరాబాదు, ఎమ్మెల్యే క్వార్టర్సు
19 జూలై 1963

అక్కకు నమస్కారం. ఈ ఉత్తరం ఓబయ్య మామకు కూడా చదివి వినిపించు.

మొగ వేలం రద్దయింది. ఏడు పాళేలవాళ్లం కలిసి పెట్టుకున్న సహకార సంఘానికి నాలుగేళ్ల కౌలుకు ఇస్తూ ఉత్తర్వు వేశారు. నకలు పంపుతున్నాను.

ఇది ఎట్లా జరిగిందో మీకు తెలియాలి. సభలో మన పార్టీ అంటే నేనొక్కణ్ణే. వెనక వరసలో స్తంభం పక్కన కుర్చీ. నాకు ఇచ్చే సమయంలో అధ్యక్షులకు నమస్కారం చెప్పి ఊరి పేరు చెప్పేసరికి గంట కొడతారు. ఏడాదిపాటు అట్లా గంట కొట్టించుకున్నాను. చివరికి పని జరిగింది సభలో కాదు, గదుల్లో. బయట బల్ల మీద కూర్చుని, లోపలివాళ్లు పిలిచిందాకా ఉండి, పిలిచినప్పుడు కోపం లేకుండా మాట్లాడితే పని అయింది. నేను ఇక్కడ నేర్చుకున్న విద్య ఇదే.

ఇంకొక విషయం. విధవలకు ఇచ్చే కుట్టుమిషను ఒకటి నీ పేరున మంజూరు చేయించాను. ఇక నువ్వు ఎండలో రొయ్యలు ఎండేసే పని మానుకోవచ్చు.

మాలకొండయ్య


నడిమిపాళెం
4 ఆగస్టు 1963

మాలకొండయ్యకు,

ఉత్తర్వు చదివి వినిపించాను. ఓబయ్య మామ రెండుసార్లు చదివించుకున్నాడు. మరుసటి రోజు మొగలో పిచ్చమ్మ ఇంటి వంతు. మొదటి వల వాళ్లే వేశారు. రేవంతా అక్కడే ఉన్నది. నువ్వు లేవు.

కుట్టుమిషను నాకు వద్దు. పిచ్చమ్మ కూతురికి ఇచ్చాను. నేను దాన్ని అడగలేదు. నేను అడిగేది వేరే. వల తీసినవాడు పడవ నేరుగా రేవుకు తెచ్చి, పట్టింది పెద్దదైనా చిన్నదైనా అందరిముందూ పోసి చూపిస్తాడు. నువ్వు గెలిచిన తరువాత రెండుసార్లే వచ్చావు, రెండుసార్లూ చావులకే. గదుల్లో ఎవరితో ఏం మాట్లాడావో, ఏమిస్తామన్నారో, నువ్వేం ఒప్పుకున్నావో ఇక్కడికి వచ్చి చెప్పు. ఉత్తరంలో కాదు.

అక్క


హైదరాబాదు
30 ఆగస్టు 1963

అక్కకు,

నీకు కోపం వచ్చిందని అర్థమైంది. ఇప్పుడు పంపిన మిషను చేత్తో తిప్పేది. కాలితో తొక్కేది అడిగితే ఇచ్చేవారే, నాకు తోచలేదు. సంక్షేమ శాఖలో మళ్లీ చెప్పాను. సభ ముగిశాక వస్తాను.

మాలకొండయ్య


నడిమిపాళెం
21 ఆగస్టు 1966

తమ్ముడికి,

మిషను విషయంలో నువ్వు నన్ను అర్థం చేసుకోలేదు, నేను మళ్లీ రాయలేదు. తప్పు ఇద్దరిదీ. దాన్ని వదిలెయ్యి.

వచ్చే ఫిబ్రవరిలో ఎన్నికలంటున్నారు. నిన్న మొగ దగ్గర కూడాం. నీ వంతు అయింది గనుక నీ చిప్ప వరస చివరికి పోయింది. ఇప్పుడు వంతు నాది. ఈ సంగతి నీకు ముందుగా తెలియాలని రాస్తున్నాను. ఇన్నేళ్లు అక్కడ ఉన్నావు. ఏ పని ఎట్లా చేయాలో, ఎవరి దగ్గర జాగ్రత్తగా ఉండాలో వివరంగా రాసి పంపు. పనికి వస్తుంది.

కామమ్మ


హైదరాబాదు
5 సెప్టెంబరు 1966

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం చూసి గుండె తేలికపడింది. నా వంతు అయిపోయింది గనుక ముత్యాలయ్య లాంటివాళ్లెవరైనా అడ్డం వస్తారేమోనని బెంగగా ఉండేది. నీ చిప్ప ఉండగా భయమేముంది? బావ పోయినప్పటినుంచీ వేస్తున్నట్టే ఈసారి కూడా నీ వంతు నేనే వేస్తాను. నువ్వు నిశ్చింతగా ఉండు.

ఇక అసలు విషయం. మొగ కౌలు వచ్చే జూన్‌తో అయిపోతుంది. ఒంటరి మనిషిగా దాన్ని మళ్లీ తేలేను. పోయినసారి జాలిపడి ఇచ్చారు, ప్రతిసారీ జాలిపడరు. అధికార పక్షంలో మన పార్టీని కలిపేస్తే కౌలు పొడిగిస్తామని, టికెట్టు నాకే ఇస్తామని మాట వచ్చింది. నేను ఒప్పుకున్నాను. పార్టీ పెట్టింది వేలం ఆపడానికి. వేలం ఆగింది. ఇంకా ఆ జెండా పట్టుకుని వెనక వరసలో కూర్చోవడం దేనికి?

మన వాళ్లకు నువ్వే నచ్చజెప్పాలి. నీ వంతు నాకు ఇచ్చానని ఒక్కమాట సభలో అను, చాలు.

మాలకొండయ్య


నడిమిపాళెం
12 సెప్టెంబరు 1966

మాలకొండయ్యకు,

'నీ వంతు నేనే వేస్తాను' అని రాశావు. నీకు ఎవరు చెప్పారు?

బావ పోయిన ఏడు నువ్వు నా వంతు వేశావు. నేను అడిగాను గనుక వేశావు. ప్రతి ఏడూ అడిగాను. నీకు రావడానికి వీలుపడనప్పుడు ముత్యాలయ్యను అడిగాను. ఈసారి నేను ఎవరినీ అడగలేదు.

రేవులో ఏం జరిగిందో విను. ఓబయ్య మామ, "నీ తరపున ఎవుర్ని పంపిస్తావమ్మా?" అన్నాడు. "ఎవుర్నీ పంపించను మామా. నేనే పోతా" అన్నాను. ముత్యాలయ్య లేచి, "ఆడ పొయ్యి ఏం మాట్లాడతావు మే?" అన్నాడు. "నా తరవాత నీదే గదన్నా. అప్పుడు నువ్వు మాట్లాడేదాంట్లో సగం నేను ముందే మాట్లాడేస్తా. నీకు పని తగ్గతాది" అన్నాను. ఓబయ్య మామ నవ్వి చిప్ప నా చేతిలో పెట్టాడు.

పార్టీని కలిపేశానని రాశావు. మొగలో వల వేసే రోజు నీదైతే మొగ నీదవుతుందా? నీకున్నది ఐదేళ్ల వంతు. దాన్ని పట్టుకుని మొగనే అమ్మివచ్చావు. కౌలు కోసమేనని అంటున్నావు, అబద్ధమని నేననను. కానీ కౌలు ముగిసిన ప్రతిసారీ మనలో ఒకడు పోయి వాళ్లలో కలవాలంటే, మనకు కౌలు ఇచ్చింది ఎందుకు? ఆ కంట్రాక్టరు సగమే అడిగాడు.

నువ్వు రాసిందంతా రేవులో చదివి వినిపించాను. మార్చకుండా.

కామమ్మ


హైదరాబాదు
2 నవంబరు 1966

అక్కకు,

చదివి వినిపించి ఉండకూడదు. అది నీకు రాసిన ఉత్తరం.

పార్టీ విలీనం నిన్న పత్రికలో వచ్చింది. కాగితాల్లో దాని అధ్యక్షుణ్ణి నేను, సభలో దానికున్న ఒక్క సభ్యుణ్ణీ నేనే. నేను సంతకం చేశాక ఇక పార్టీ లేదు. నాకు టికెట్టు ఖాయమైంది. నువ్వు నామినేషను వేస్తే సైకిలు గుర్తు కూడా దక్కని, ఏ పార్టీ లేని మనిషివి అవుతావు. తమ్ముడి మీద అక్క నిలబడిందని నెల్లూరులో చెప్పుకుంటారు. ఆడదానివి, వరి పల్లెల్లో రైతుల ముందు నిలబడి మాట్లాడగలవా? పరువుకోసమైనా మానుకో. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నేను నిన్ను ఓడించాలని కోరుకుంటానా?

మాలకొండయ్య


నడిమిపాళెం
30 జనవరి 1967

మాలకొండయ్యకు,

నామినేషను వేశాను. నాకు వచ్చిన గుర్తు నిచ్చెన. ఓబయ్య మామకు నిచ్చెన మోసే వయసు దాటింది, ముత్యాలయ్య మోస్తున్నాడు.

వరి పల్లెల్లో మాట్లాడగలవా అని అడిగావు. మాట్లాడాను. బాగా మాట్లాడలేదు. మొదటి ఊళ్లో నా పేరూ గుర్తూ చెప్పి కూర్చుండిపోయాను. రెండో ఊళ్లో జయరామయ్య ఇంటిముందు ఒకాయన, "చేపలమ్మే ఆమెకు పొలం గొడవ ఏం తెలుసు?" అన్నాడు. "మీ కాలవ కడాకొచ్చే నీళ్లు తాగేది మేమే గదయ్యా. మీకు రాలేదంటే మాకు ముందే తెలుస్తాది" అన్నాను. ఆయన ఓటు వేస్తాడని అనుకోను. కూర్చోమని చెంబుతో నీళ్లిచ్చాడు.

ఇక్కడ ఇంకొకటి జరిగింది, అది నువ్వు ఎవరి ద్వారానో తప్పుగా వినకుండా నేనే రాస్తున్నాను. నీకు ఓటు వేసినవాళ్ల మీద దురాయి వేద్దామని ఓబయ్య మామ అన్నాడు. చాలామంది సరేనన్నారు. నేను ఒప్పుకోలేదు. "కంట్రాక్టరు మింద ఏసినాము, బాగుండాది. ఓటు మింద ఏస్తే మనకీ ఆ కంట్రాక్టరుకీ తేడా ఏముంది మామా? వాడు వల కోసినాడు, మనం నోరు కోస్తాం" అన్నాను. "ఓడిపోతావు, పిచ్చిదానా" అన్నాడు. "ఓడిపోతే ఓడిపోతా. దురాయితో గెలిస్తే అది నా గెలుపు కాదు, నీది" అన్నాను. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. దురాయి మాత్రం వేయలేదు.

మొన్న నీ జీపు మన ఇసుకలో కూరుకుపోతే తోసింది మనవాళ్లేనట. ముత్యాలయ్య నిచ్చెన కింద పెట్టి మరీ వచ్చి, "ఓటు ఎయ్యం గానీ జీపు తోస్తాం సామీ, స్టీరింగు సరిగా పట్టుకో" అన్నాడని చెప్పారు. నువ్వు నవ్వావని కూడా చెప్పారు. నేను ఆ పొద్దు ఇంట్లోనే ఉన్నాను. జీపు దిగబడిన చోటునుంచి మన వాకిలి కనిపిస్తుంది. అన్నం ఉంది, చేపల పులుసు ఉంది. నువ్వు రాలేదు. పోటీ చేస్తున్నది నీతోనే గాని నీ ఆకలితో కాదు.

అక్క


హైదరాబాదు
3 మార్చి 1967

అక్కకు,

ఫలితం నీకు తెలుసు. ఏడు పాళేల్లోనూ నీకే ఎక్కువ వచ్చాయి. నేను పుట్టిన ఊళ్లో కూడా నీకే. వరి పల్లెలు నన్ను గెలిపించాయి. నీ డిపాజిట్టు దక్కింది. లెక్కింపు దగ్గర అధికారులు ఆశ్చర్యపోయారు.

నేను సంతోషంగా లేనంటే నమ్మవు. వాకిలి దాకా రాకపోవడానికి కారణం, జీపులో నాతో ఉన్నవాళ్లు. వాళ్ల ముందు నువ్వు నన్ను తిట్టినా కష్టమే, అన్నం పెట్టినా కష్టమే.

కౌలు ఉత్తర్వు నేను తెస్తాను. మాట ఇచ్చాను. మీరు ఇక ఆ జెండా దించండి. పార్టీ కాగితం మీదా లేదు, సభలోనూ లేదు. లేనిదానికోసం మన ఇల్లు రెండు కావడం దేనికి?

మాలకొండయ్య


నడిమిపాళెం
9 జూలై 1967

తమ్ముడు మాలకొండయ్యకు అక్క కామమ్మ రాస్తున్నది.

కౌలు ఉత్తర్వు వచ్చింది. ఐదేళ్లకు ఇచ్చారు. అది నీవల్ల వచ్చిందని ఇక్కడ అందరికీ తెలుసు. ఆ మాట నీకు రాయమని ఓబయ్య మామ చెప్పాడు, రాశాను. నేను కూడా చెబుతున్నాను. మాట నిలబెట్టుకున్నావు.

జెండా దించమన్నావు. దించలేదు. ఉప్పుగాలికి రంగు పోతే ఎలిశబెతు టీచరు కొత్తది కుట్టించింది. పిచ్చమ్మ కూతురు కుట్టింది.

పోయిన ఆదివారం మొగ దగ్గర కూడాం. పార్టీ లేదని నువ్వు రాసిన ఉత్తరం మొదట చదివాను. ముత్యాలయ్య చుట్టూ చూసి, "లేకపోతే ఈళ్లంతా ఎవురి పెళ్లికి వచ్చినట్టు?" అన్నాడు. తరువాత వరస మాట్లాడుకున్నాం. నేను ఓడిపోయాను గనుక నా వంతు లెక్కలోకి రాదని, మళ్లీ నన్నే నిలబడమని కొందరన్నారు. నేను కాదన్నాను. వల వేసినరోజు చేప పడకపోయినా వంతు అయిపోయినట్టే గదా. నా చిప్ప చివరికి పోయింది. వచ్చే ఎన్నిక ముత్యాలయ్యది. ఇప్పటినుంచే పడవలో ఒంటరిగా ఉపన్యాసాలు చెప్పుకుంటున్నాడు. చేపలు బెదిరిపోతున్నాయని తోటివాళ్ల ఫిర్యాదు.

ఇంకో వార్త. జయరామయ్యా, కాలువ చివరి పొలాలవాళ్లు కొందరూ బండ్లు కట్టుకుని వచ్చారు. తమ చిప్పలు కూడా కుండలో వేయమన్నారు. మొగలో వల వేసే హక్కు లేనివాళ్లకు వంతు ఎట్లా ఇస్తామని మనలో పెద్ద వాదన జరిగింది. "మొగ వేరే, పార్టీ వేరే. రొయ్యల్లో వంతు అడగడంలేదు గదా, కష్టంలో అడగతుండారు" అని ఓబయ్య మామ తేల్చాడు. వాళ్లకు ఇంటి గుర్తులు లేవు. ఒకాయన నాగలి గీశాడు, ఒకాయన ఎద్దు గీయబోతే మేక వచ్చింది. అవన్నీ వరసలో చేర్చాం. వాళ్లలో నీకు ఓటు వేసినవాళ్లూ ఉన్నారు. వాళ్లే చెప్పారు.

ఆఖరున నీ చిప్ప సంగతి వచ్చింది. తీసి సముద్రంలో వేయమని కొందరు గట్టిగా అన్నారు. బతికున్న మనిషి చిప్ప తీసే పద్ధతి మనలో ఉందా అని నేను ఓబయ్య మామను అడిగాను. లేదన్నాడు. వంతు కానివాడు వేరేవాళ్ల పడవెక్కి వల వేస్తే ఏం చేస్తారని అడిగాను. కొత్తగా చేరినవాళ్లందరి తరువాతకు నెడతారన్నాడు. అట్లాగే చేశాం. నీకు ముందు ఏడు పాళేలూ ఉన్నాయి, వరి పల్లెలూ ఉన్నాయి, నేనూ ఉన్నాను. ఇంకా ఎవరైనా వచ్చి చేరితే వాళ్లూ ఉంటారు.

నీ వంతు పోలేదు. అందరిదీ అయిన తరువాత తప్పకుండా వస్తుంది. అప్పటిదాకా ఒళ్లు జాగ్రత్తగా చూసుకో.

నీ అక్క,
కామమ్మ
తీరప్రజా పార్టీ, నడిమిపాళెం